ఒక గుక్కలో ఎంతసేపు, సిలిండర్‌తో ఎంత లోతు: నీళ్లలో మునిగితే ఒంట్లో జరిగేది

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఈత బాగా వచ్చు. కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరి స్విమ్మింగ్ పూల్‌లో 25 మీటర్ల పొడవును నీళ్లడుగునే ఒక్క గుక్కలో దాటేస్తున్నాడు. ఇప్పుడు పోయి రావడం రెండూ ఒకే గుక్కలో చేయాలని పట్టుబట్టాడు. మునిగే ముందు ఇరవై ముప్పై సార్లు గబగబా గాలి పీల్చి వదులుతాడు. వచ్చే నెల స్నేహితులతో అండమాన్ వెళ్లి స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో లోతుకు దిగడం) చేస్తారట. ఆఖరి రోజు పొద్దున డైవ్, మధ్యాహ్నం హైదరాబాద్ విమానం. భయమేస్తోందిరా అంటే, "తిమింగలం గంటసేపు నీళ్లలో ఉండట్లేదా, అంతా సాధనే" అంటాడు. ఇందులో నిజంగా ప్రమాదం ఏది?

సమాధానం:

మీరు రాసినవాటిలో రెండు వెంటనే ఆగాలి. మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదలడం ఇవాళ్టితో ఆగాలి. ఆఖరి రోజు పొద్దుటి డైవ్‌ను ప్రయాణం ప్లానులోంచి తీసేయాలి. మిగతావి పద్ధతిగా నేర్చుకుని చేయదగ్గవే. మంచి శిక్షకుడి దగ్గర నేర్చుకుంటే స్కూబా అంత భయపడాల్సిన ఆట కాదు. అయితే ఈత బాగా వచ్చన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఊపిరి బిగబట్టి నీళ్లలో స్పృహ తప్పేది ఈతలో ఆరితేరినవాళ్లకే. ఈత సరిగ్గా రానివాడు అంతసేపు లోపల ఉండనే ఉండలేడు.

"ఇక గాలి కావాలి" అని మనకు అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. రక్తంలో దాని పీడనం మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. అది కాస్త పెరగ్గానే మెదడు కింది భాగంలోని శ్వాస కేంద్రం గోల మొదలుపెడుతుంది. గొంతు బిగుసుకుంటుంది, ఊపిరితిత్తుల కింది కండరం డయాఫ్రమ్ ఎగిరెగిరి పడుతుంది, పైకి రాకుండా ఉండలేం. ఆక్సిజన్ తగ్గడాన్ని పసిగట్టే ఏర్పాటు మెడలోని రక్తనాళాల దగ్గర ఉంది కానీ, కార్బన్ డయాక్సైడ్ తోడు లేకుండా అదొక్కటే ఇచ్చే హెచ్చరిక చాలా బలహీనం.

ఇప్పుడు మీవాడి అలవాటు చూడండి. గబగబా ముప్పై సార్లు పీల్చి వదిలితే ఒంట్లో ఆక్సిజన్ నిల్వ పెరగదు. హిమోగ్లోబిన్ మామూలు శ్వాసతోనే 97, 98 శాతం నిండి ఉంటుంది, ఇంకా నింపడానికి చోటే లేదు. మారేదల్లా కార్బన్ డయాక్సైడ్. అది 40 నుంచి సగం దాకా పడిపోతుంది. ఆ స్థితిలో మునిగితే అది మళ్లీ పేరుకుని గోల పెట్టేలోపు ఆక్సిజన్ అయిపోతుంది. వంటగ్యాస్‌లో వాసన కోసం కలిపే పదార్థాన్ని తీసేసి, వాసన రావట్లేదు కాబట్టి లీకేజీ లేదనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. "ఇవాళ ఉక్కిరిబిక్కిరి కాలేదు, ఇంకో పది మీటర్లు వెళ్లగలిగాను" అని మీవాడు సంతోషపడుతున్నాడంటే పెరిగింది సామర్థ్యం కాదు, పోయింది హెచ్చరిక.

ధమనుల్లో ఆక్సిజన్ పీడనం 30 మిల్లీమీటర్ల దరిదాపులకు దిగితే స్పృహ పోతుంది. ముందు కళ్లు తిరగడం, భయం లాంటివేవీ ఉండకపోవచ్చు. హాయిగా ఉందని కూడా అనిపిస్తుంది. ఒకటి రెండు బారలు చేతులు ఆడుతూనే ఉంటాయి, తర్వాత మనిషి కదలకుండా ఉండిపోతాడు. గట్టున ఉన్నవాళ్లు ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడనుకుంటారు. ఇందులోని అసలు ఘోరం ఇదే. మునిగిపోతున్నవాడు చేతులు కొట్టుకుంటాడు, అరుస్తాడు అనుకుంటాం. ఇక్కడ అలాంటివేమీ ఉండవు. కాసేపటికి ఒళ్లు తనంతట తాను గాలి పీల్చబోతుంది, నీళ్లు లోపలికి పోతాయి. మెదడు ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు. నీళ్లు నడుములోతే ఉన్నా ఈ లెక్కలో మార్పు లేదు.

వద్దన్నా మానడనుకుంటే కనీసం ఇలా చేయమనండి. బిగబట్టే సాధన పొడినేల మీద, మంచం మీద పడుకుని చేసుకోవాలి. స్పృహ తప్పినా అక్కడ ఒళ్లు మళ్లీ గాలే పీల్చుకుంటుంది. నీళ్లలో చేసేటప్పుడు ఒకరు లోపల ఉంటే ఒకరు పైన ఉండాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. పైనున్నవాడి కళ్లు లోపలివాడి మీదే ఉండాలి, ఫోన్ మీద కాదు. మునిగే ముందు రెండు మూడు నిమిషాలు మామూలుగా, నింపాదిగా ఊపిరి తీసుకుని, చివర ఒక్క నిండు గుక్క పీల్చుకుంటే చాలు. ఎంతసేపు లోపల ఉన్నాడో కనీసం అంతకు రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోవాలి. పైకి వచ్చాక కూడా అర నిమిషం పాటు వదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. పీల్చిన గాలి ఊపిరితిత్తుల నుంచి మెదడు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ లోపు మొహం నీళ్ల బయట ఉండగానే స్పృహ తప్పేవాళ్లు ఉన్నారు. పందేలు, మీటర్ల లెక్కలు వద్దే వద్దు. లైఫ్‌గార్డ్ ఒద్దంటే వాదించకూడదు, ఆయన చూసినవి వేరు.

సముద్రంలో ఇదే పని ఇంకా మోసం చేస్తుంది. పది మీటర్లు దిగితే నీటి బరువు వల్ల పీడనం రెట్టింపు అవుతుంది. ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనం కూడా రెట్టింపై, మెదడుకు సరిపడా అందుతూ "ఇంకా బోలెడంత ఉంది" అనిపిస్తుంది. పైకి వస్తుంటే ఆ పీడనం మళ్లీ సగానికి పడిపోతుంది. అడుగున 50 ఉన్నది పైకి చేరేసరికి 25. అందుకే గుక్కపట్టి లోతుకు దిగేవాళ్లకు స్పృహ తప్పేది ఎక్కువగా చివరి పది మీటర్లలోనే. వెలుతురు కనపడుతుంది, గట్టెక్కామనిపిస్తుంది, అక్కడే పోతుంది.

పేపర్లలో వచ్చే రికార్డులతో కుర్రాళ్లు పోల్చుకుంటారు కాబట్టి అదీ చెప్తాను. 2021లో క్రొయేషియాకు చెందిన బుదిమీర్ షోబత్ 24 నిమిషాల 37 సెకన్లు ఊపిరి బిగబట్టాడు. ముందుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చుకుని చేసిన రికార్డు అది. మామూలు గాలితో చేసినదానికి స్తెఫాన్ మిఫ్‌సూద్ 2009లో పెట్టిన 11 నిమిషాల 35 సెకన్లు ప్రసిద్ధం. రెండూ కదలకుండా నీళ్ల మీద బోర్లా తేలుతూ, చుట్టూ మనుషులు కాపలా కాస్తుండగా చేసినవి. ఈదుతూ ఉంటే కండరాలు ఆక్సిజన్‌ను తాగేస్తాయి, ఆ నిమిషాలు నీళ్లలో ఈదేవాడికి వర్తించవు.

ఇక తిమింగలం మాట. మీవాడి వాదనలో కొంత నిజం లేకపోలేదు. చల్లటి నీళ్లు మొహానికి తగిలి, ఊపిరి ఆగగానే మనిషికి కూడా గుండె నెమ్మదిస్తుంది. చేతులు కాళ్లకు రక్తం తగ్గి గుండెకూ మెదడుకూ మళ్లుతుంది. ప్లీహం కుంచించుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. ఆగ్నేయాసియాలో తరతరాలుగా గుక్కపట్టి చేపలు వేటాడే బజావు జనం ప్లీహాలు, పొరుగున నేల మీద బతికేవాళ్ల ప్లీహాల కంటే సుమారు సగం మేర పెద్దవని 2018లో తేలింది. మునగని బజావు మనుషుల్లో కూడా అంతే పెద్దగా ఉండటం విశేషం. అంటే అది ఒకడి సాధన ఫలితం కాదు, వంశంలో వచ్చింది.

సీలు, తిమింగలాల దారి మాత్రం పూర్తిగా వేరు. మనిషి ఒంట్లో కిలో బరువుకు సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ నిల్వ ఉంటే, అంటార్కిటికా వెడెల్ సీలుకు 80కి పైనే ఉంటుంది. ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. మన నిల్వలో పెద్ద వాటా ఊపిరితిత్తుల్లోని గాలి. సీలుకు ఊపిరితిత్తుల్లో ఉండేది పిసరంతే, మిగతాదంతా రక్తంలోనూ కండరాల్లోనూ ఉంటుంది. కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ వాటికి మనకంటే పది రెట్లకు పైగా ఉంటుంది, అందుకే ఆ మాంసం నల్లటి ఎరుపులో కనిపిస్తుంది. బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ కెండ్రూ 1958లో ఒక ప్రొటీన్ రూపాన్ని మొట్టమొదటిసారి పరమాణువుల అమరిక దిశగా కనిపెట్టడానికి స్పెర్మ్ తిమింగలం మయోగ్లోబిన్‌నే ఎంచుకున్నాడు. ఆ కండరంలో అది అంత పుష్కలంగా దొరుకుతుంది.

సీలు మునిగే ముందు నిండుగా పీల్చుకోదు, ఊపిరి వదిలేసి మునుగుతుంది. నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికంటే ముచ్చటేసే విషయం ఇది. కొన్ని పదుల మీటర్లు దిగేసరికి దాని గాలితిత్తులు ముడుచుకుపోతాయి. మిగిలిన కాస్త గాలీ గట్టి శ్వాసనాళాల్లోకి చేరుతుంది, అక్కడి నుంచి రక్తంలోకి నైట్రోజన్ ఎక్కదు. గుండె నిమిషానికి పది కొట్టుకునే స్థాయికి కూడా దిగగలదు. కువియర్ ముక్కు తిమింగలం అనే జాతి 2,992 మీటర్ల లోతుకు వెళ్లినట్టు 2014లోనూ, ఒకటి 222 నిమిషాలు లోపలే ఉన్నట్టు 2020లోనూ పరిశోధకులు నమోదు చేశారు. అంత నిండుగా కట్టుకున్న ఒళ్లు కూడా అన్నివేళలా కాపాడదు. 2002లో కెనరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాల్లో సోనార్ (శబ్దతరంగాలతో నీళ్లలో వెతికే పరికరం) వాడాక ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కు తిమింగలాల కణజాలాల్లో గాలి బుడగలు కనిపించాయి. బెదిరిపోయి, ఎప్పుడూ మునిగి తేలే తీరు తప్పడమే కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. స్పెయిన్ తీరంలో వలల్లో చిక్కిన సముద్రపు తాబేళ్లకు ఒంట్లో బుడగలు కట్టే ఇదే జబ్బు వస్తుందని 2014లో గుర్తించారు, గాలి పీడనం పెంచే ప్రెషర్ చాంబర్‌లో పెడితే కోలుకున్నాయి. మన కోస్తాలో ఏటా ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చాలామటుకు వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చినవే. నీళ్లలోనే బతికే ప్రాణికి కూడా గుక్కకు ఒక హద్దు ఉంటుంది.

స్కూబాకు వద్దాం. ముందు ఒక మాట సరిచేస్తాను. వార్తల్లో "ఆక్సిజన్ సిలిండర్‌తో దిగారు" అని రాస్తారు. వినోదానికి చేసే డైవ్‌లో సిలిండర్‌లో ఉండేది వడకట్టి కుదించిన మామూలు గాలి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరు మీటర్లు దాటితే నరాల మీద విషంలా పనిచేసి మూర్ఛ తెప్పించగలదు.

గుక్కపట్టి ఈదడం అలవాటైన మీవాడు దీన్ని మరీ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పైన పీల్చుకున్న ఆరు లీటర్ల గాలి పది మీటర్ల దగ్గర మూడు లీటర్లకు కుదించుకుపోయి, పైకి వస్తే మళ్లీ ఆరవుతుంది, ప్రమాదం లేదు. రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఆరు లీటర్లు పైకి వచ్చేసరికి పన్నెండు కావాలి. ఊపిరితిత్తుల్లో అంత చోటు లేదు. నిండు ఊపిరితో మీటరు, మీటరున్నర పైకి జారినా తిత్తులు చిరిగే అవకాశం ఉంది. కాబట్టి సిటీలో పూల్‌లో తరగతి పెట్టినా ఈ ప్రమాదం ఉన్నట్టే. మూడు మీటర్ల అడుగు నుంచి బిగబట్టి పైకి వస్తే గాలి సుమారు 30 శాతం ఉబ్బుతుంది. చిరిగిన చోటు నుంచి బుడగలు రక్తంలో చేరి మెదడుకు వెళ్తే పైకి వచ్చిన పది నిమిషాల్లోపే స్పృహ తప్పడం, ఒక పక్క చచ్చుబడటం, ఫిట్స్ రావడం జరుగుతాయి. రెగ్యులేటర్ నోట్లోంచి జారినప్పుడు కూడా పెదాల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూనే ఉండమని నేర్పేది ఇందుకే. కొత్తవాళ్లు కంగారులో చేసే తప్పు ఒకటే, గాలి బిగబట్టి పైకి దూసుకురావడం. పూల్‌లో మోకాళ్ల మీద కూర్చుని, మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేయడం, రెగ్యులేటర్ తీసి వెతికి పెట్టుకోవడం విసుగొచ్చేదాకా చేయించే శిక్షకుడు దొరికితే అదృష్టమే అనుకోండి. ముక్కులో నీళ్లు పడ్డా కంగారు పడకపోవడం అక్కడే అలవడుతుంది.

చెవుల విషయంలో మాత్రం మొండితనం పనికిరాదు. పీడనం వల్ల గాలి కుదించుకుపోయేది మొదటి పది మీటర్లలోనే ఎక్కువ. అక్కడ గాలి సగమవుతుంది, తర్వాత పదికి మూడో వంతు, ఆ తర్వాత నాలుగో వంతు. అందుకే చెవి నొప్పి రెండు మూడు మీటర్లలోనే పట్టుకుంటుంది. ముక్కు మూసి, నోరు మూసి మెల్లగా ఊదడం నీళ్లలో తల మునిగినప్పటి నుంచే మొదలుపెట్టాలి. అర మీటరుకో మీటరుకో ఒకసారి, నొప్పి రాకముందే చేయాలి. నొప్పి వచ్చాక ఊదితే, గొంతు నుంచి చెవికి వెళ్లే సన్నటి గొట్టం అప్పటికే నొక్కుకుపోయి తెరుచుకోదు. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. అప్పుడు మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. రాకపోతే ఆ రోజు డైవ్ మానేయాలి. తలకిందులుగా కంటే కాళ్లు ముందు పెట్టి తాడు పట్టుకుని దిగితే చెవులు తేలిగ్గా సర్దుకుంటాయి. జలుబు ఉంటే అసలు దిగకూడదు. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే, లోపల ఉండగా మందు తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. పూల్‌లో వాడే ఈత కళ్లద్దాలతో లోతుకు దిగకూడదు. వాటిలో ముక్కు లేదు కాబట్టి లోపల గాలి నింపే దారి ఉండదు, కళ్లలో నెత్తురు చిమ్ముతుంది. స్కూబా మాస్క్‌లో ముక్కు లోపల ఉండేది అందుకే, దిగుతూ ముక్కుతో కాస్త గాలి వదలాలి.

గాలి లెక్క తేలికే. అందరూ వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) వరకు నింపుతారు. అంటే 2,200 లీటర్లు. 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి వాడుకోగలిగేది 1,650. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు పది మీటర్ల దగ్గర 40, ఇరవై దగ్గర 60, ముప్పై దగ్గర 80 వాడతాడు. ఆ లెక్కన 41, 27, 20 నిమిషాలు వస్తాయి. కంగారుపడే కొత్తవాడు ఇంకా త్వరగా అవగొడతాడు. గేజీ చూస్తూ 100 బార్ దగ్గర శిక్షకుడికి చూపించి తిరుగుముఖం పట్టాలి. చేతి సైగ ఒకటి ముందే నేర్చుకోవాలి. మనం "బాగుంది" అనడానికి బొటనవేలు పైకెత్తుతాం, నీళ్లలో దానికి అర్థం "పైకి పోదాం". బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఈ తికమక ఎన్నో డైవ్‌లను మధ్యలో ముగించింది.

సర్టిఫికెట్ లేకుండా ఒక్కరోజు అనుభవానికి దిగేవాళ్లకు హద్దు 12 మీటర్లు. మొదటి కోర్సు చేసినవాళ్లకు 18, వినోదానికి దిగేవాళ్లు ఎవరికైనా 40. ముప్పై దాటితే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, తాగినవాడిలా తీసుకునే నిర్ణయాలు తేడాగా ఉంటాయి. డబ్బులు కట్టే ముందు అడగాల్సినవి: ఒక శిక్షకుడి చేతిలో ఎంతమంది (మొదటిసారైతే ఒకరికి ఒకరే మేలు), పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా, ఆరోగ్య ఫారం నింపిస్తారా. ఫారం లేకుండా "ఏం కాదు సార్, దిగండి" అనేచోట దిగొద్దు. ఆస్తమా, మూర్ఛ, గతంలో ఊపిరితిత్తి కుంచించుకుపోయిన చరిత్ర, చెవి ఆపరేషన్, గుండె జబ్బు ఉంటే డాక్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సిలిండర్ గాలి మసి వాసనో నూనె వాసనో కొడితే వాడొద్దు. గాలి లోపలికి తీసే గొట్టం ఇంజిన్ పొగ దగ్గర ఉంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, లోతులో దాని విషం ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది.

ఇప్పుడు విమానం సంగతి. లోతులో ఉన్నంతసేపూ పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి, కొవ్వులోకి, కీళ్లలోకి కరిగి చేరుతూనే ఉంటుంది. మెల్లగా పైకి వస్తే అదే దారిలో బయటికి పోతుంది. గబుక్కున వస్తే గోలీ సోడా గోలీ నొక్కినప్పటిలా బుడగలు కడతాయి. దీన్ని లెక్కకు తెచ్చినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. 1908లో ఆయన బృందం మేకలను చాంబర్‌లో పెట్టి, పీడనం పెంచి తగ్గించి చూసి బ్రిటిష్ నౌకాదళానికి మొదటి పట్టికలు తయారుచేసింది. కీలులో బుడగ కట్టిన మేక ఆ కాలు నేల మీద ఆనించదు, నొప్పి ఉందని అలా తెలిసేది. ఇప్పటి డైవ్ కంప్యూటర్ల లెక్కలకు మూలం అదే. ఇప్పుడు వాడే ఒక పట్టికలో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు ఆగకుండా పైకి రాగలిగే హద్దు. నిమిషానికి 9 మీటర్ల కంటే వేగంగా రావద్దు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావడం మంచి అలవాటు, అవసరం లేకపోయినా.

పైకి వచ్చాక కూడా నైట్రోజన్ మొత్తం పోదు, గంటల తరబడి బయటికి వెళుతూనే ఉంటుంది. విమానంలో గాలి పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత ఉంటుంది. ఒంట్లో మిగిలిన వాయువుకు అదో రెండో ఆరోహణ. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెప్పే గడువు: ఆగాల్సిన అవసరం లేని ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు చొప్పునో వరసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18, మధ్యలో ఆగి రావాల్సిన డైవ్‌లైతే అంతకు బాగా ఎక్కువ. ఇవన్నీ కనీసాలే. మీవాళ్లు మూడు నాలుగు రోజులు దిగుతారు కాబట్టి పూర్తిగా ఒక రోజు, 24 గంటలు వదలమనండి. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) తిరగడానికి ఆ రోజు సరిపోతుంది, సెల్యులార్ జైలు చూడొచ్చు.

విశాఖకు వెళ్లేవాళ్లు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఈ గడువు విమానానికి మాత్రమే కాదు, 600 మీటర్లు దాటిన ఎత్తులకు కూడా. పొద్దున రుషికొండలో స్కూబా చేసి, అదే రోజు మధ్యాహ్నం కారులో అరకు ఎక్కడం చాలామంది ప్లాన్. అరకు లోయ 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారి కొన్నిచోట్ల ఇంకా ఎత్తుకు పోతుంది. ముందు అరకు చూసుకుని తర్వాత సముద్రం పెట్టుకుంటే సరిపోతుంది. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలో దిగి రాత్రికే హైదరాబాద్ బయల్దేరేవాళ్లూ కనుమలు ఎక్కాలి కాబట్టి ఒక రాత్రి అక్కడే పడుకోవడం మేలు.

డైవ్ చేసిన 24 గంటల్లోపు కీళ్లలో లోతుగా నొప్పి, చర్మం మీద మచ్చలతో దురద, తిమ్మిర్లు, నడకలో తూలడం, మూత్రం రాకపోవడం, విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా దాన్ని బెండ్స్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు) అనే అనుకోవాలి. చాలామందికి ఆరు గంటల్లోపే బయటపడుతుంది. "నిన్న ఫిన్స్ కొట్టినందుకు కాలు పట్టేసింది" అని సర్దుకుపోవడమే ఇందులో జరిగే పెద్ద పొరపాటు. వెల్లకిలా పడుకోబెట్టి, మాస్క్‌తో వీలైనంత ఎక్కువ శాతం ఆక్సిజన్ ఇస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తేలికపడ్డా ఆక్సిజన్ ఆపకూడదు. దానికి అసలు వైద్యం హైపర్‌బారిక్ చాంబర్, అంటే గాలి పీడనం పెంచే గది. అందరూ వాడే చికిత్స పట్టికలో 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో మొదలుపెట్టి సుమారు ఐదు గంటలు ఆక్సిజన్ ఇస్తారు. హైదరాబాద్ వచ్చాక లక్షణాలు కనిపిస్తే క్యాజువాల్టీలో మొదటి వాక్యంగా "నిన్న ఇన్ని మీటర్లు స్కూబా చేశాను, తర్వాత విమానం ఎక్కాను" అని చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే సముద్రానికి ఇంత దూరంలో ఎవరికీ ఆ అనుమానం రాదు. గాయాలు మానడానికి వాడే చాంబర్లన్నీ ఈ కేసులు తీసుకోవు, బయల్దేరక ముందే ఫోన్ చేసి అడిగి నంబరు రాసిపెట్టుకోండి. మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు స్కూబాను కవర్ చేయదు, పాలసీ చదవండి.

తల ముందు పెట్టి దూకడం గురించి కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ వయసులో పూల్‌తో ఆగరు. లోతు కనీసం 2.7 మీటర్లు ఉందని తెలియని చోట తల ముందుగా దూకకూడదు. క్వారీ గుంతల్లో, ఊరి బావుల్లో నీళ్ల కింద రాళ్లు, పాత మోటారు పైపులు ఉంటాయి, కంటికి కనపడవు. మెడ ఎముక విరిగితే జీవితాంతం కాళ్లూ చేతులూ చచ్చుబడొచ్చు.

చివరిగా పూల్‌లో ఎవరైనా కదలకుండా కనిపిస్తే చేయాల్సింది. వెంటనే పైకి తీసి, మొహం నీళ్ల బయట పెట్టి, పేరు పెట్టి గట్టిగా పిలవండి, బుగ్గ తట్టండి. గుక్కపట్టి స్పృహ తప్పినవాడు కొన్నిసార్లు ఈపాటికే ఊపిరి తీసుకుంటాడు. తీసుకోకపోతే గట్టున గట్టి నేల మీద పడుకోబెట్టి 108కి ఫోన్ చేయించండి. బోర్లా పడేసి వీపు మీద గుద్దడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం, ఇవన్నీ వదిలేయండి. కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషం వృథా అవుతుంది. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా నోట్లో నోరు పెట్టి ముందు ఐదుసార్లు గాలి ఊదండి. అప్పటికీ ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదాలి. నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. గుండెపోటుకు చెప్పినట్టు ఛాతీ నొక్కితే చాలనుకోవద్దు, మునిగినవాడికి కావాల్సింది ముందు గాలి. స్పృహ వచ్చి లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపలికి పోయిన నీళ్ల వల్ల కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంటుంది, ఆ రాత్రి ఆక్సిజన్ శాతం చూస్తూ ఉండటం అవసరం.